ఆగి ఆగి పాడే కారు స్టీరియో: లోపం ఎక్కడుందో మీరే పట్టుకోవడం ఎలా

కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన స్టీరియో పూర్తిగా చచ్చిపోతే ఇంత బాధ ఉండదు, ఏదో ఒకటి తేల్చేస్తాం. ఇది అలా కాదు. పాట మధ్యలో ఆగుతుంది, గుంటలో పడగానే మళ్లీ అందుకుంటుంది, ఇంటిల్లిపాదీ ప్రయాణంలో ఉన్నప్పుడు మూగబోయి, తీరా మెకానిక్ ముందు పెట్టేసరికి ఏ రోగమూ లేనట్టు పాడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ సంగతి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికి ముక్కలుగా చెప్పే బదులు మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. సెట్టు విప్పడం ఆఖరి పని, మొదటి పని కాదు. నా కారుకి ఇలాగే జరిగితే ఒక షాపులో సెట్టు పోయిందన్నారు, నమ్మి కొత్తది వేయించాను, పది రోజులకి మళ్లీ అదే కథ. చివరికి దొరికింది డ్యాష్‌బోర్డు కింద తుప్పు పట్టిన ఒక ఎర్త్ బోల్టు, అంటే సెట్టు ఎర్త్ వైరుని కారు బాడీకి బిగించే బోల్టు. ఉప్పుకాగితంతో గీకి బిగిస్తే పోయే దానికి వేలు పోశాను. అందుకే ఈ వరుస తప్పొద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

## 1. ముందు ఒక వారం రాసుకోండి

ఆగి ఆగి వచ్చే లోపానికి ఎప్పుడు ఆగుతుందన్నదే సగం జవాబు. ఫోన్లోనో చిన్న పుస్తకంలోనో ఆగిన ప్రతిసారీ ఇవి రాయండి:

- స్క్రీన్ కూడా ఆరిపోయిందా, వెలుగుతూనే శబ్దం ఒక్కటే పోయిందా
- అన్ని స్పీకర్లా, ఒకటేనా, ఒకవైపువా
- మళ్లీ వచ్చాక గడియారం, సేవ్ చేసుకున్న స్టేషన్లు ఉన్నాయా, చెరిగిపోయాయా
- ఆ క్షణంలో ఏం జరిగింది: గుంట, తలుపు వేయడం, బ్రేకు, తాళం తిప్పడం, అద్దం దించడం
- ఎండలో నిలిపిన కారా, రాత్రి మంచులో తడిసిన కారా, వాన పడిందా
- పాట ఎక్కడి నుంచి వస్తోంది: పెన్‌డ్రైవా, బ్లూటూతా, ఎఫ్ఎమ్మా

ఇందులో మూడోది చాలా ముఖ్యం, చాలామంది పట్టించుకోరు. సెట్టుకి రెండు పవర్ లైన్లు వస్తాయి. ఒకటి ఎప్పుడూ ఉండేది, గడియారాన్నీ జ్ఞాపకాన్నీ నిలబెట్టేది. రెండోది తాళం తిప్పితేనే వచ్చేది. గడియారం చెరిగిపోతే పర్మనెంట్ లైనో ఎర్తో తెగుతోంది. గడియారం సరిగ్గానే ఉండి సెట్టు ఆరి వెలుగుతుంటే తాళం లైను మీద అనుమానం పెట్టుకోండి. స్క్రీన్ వెలుగుతూ అన్ని స్పీకర్లూ ఒకేసారి పోతే ఏదో ఒక స్పీకరు వైరు బాడీకి తగిలి, సెట్టు తనని తాను కాపాడుకోవడానికి శబ్దం ఆపేసి ఉండొచ్చు. స్పీకరు ఒక్కటే పోతే ఆ తలుపు వైపు చూడాలి.

ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఒక్క క్షణం పాట ఆగడం చాలా కార్లలో మామూలే, అది లోపం కాదు, దాని గురించి టెన్షన్ పడకండి. గడియారం కూడా చెరిగిపోతేనే లెక్క.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- మామూలు డిజిటల్ మల్టీమీటరు, దాని లీడు పొడుగు చేసుకోవడానికి రెండు మూడు మీటర్ల వైరు
- 10 నంబరు స్పానరు, స్టార్ స్క్రూడ్రైవరు
- ప్యానెళ్లు విప్పడానికి ప్లాస్టిక్ పట్టీ. ఇనుప స్క్రూడ్రైవరుతో లాగితే క్లిప్పులు విరుగుతాయి, గీతలు పడతాయి
- ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. తుప్పు వదిలించే మామూలు ఆయిల్ స్ప్రే వేరు, దాన్ని కప్లర్లలో (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుల్లో) కొట్టొద్దు
- సన్న ఉప్పుకాగితం, పాత టూత్‌బ్రష్
- మాస్కింగ్ టేపు, పెన్ను: విప్పిన ప్రతి కప్లరు మీదా పేరు రాయడానికి

కారు ఇంకా వారంటీలో ఉంటే ఒక్క వైరు కూడా కోయకండి. మీ నోట్సు, ఆగినప్పుడు తీసిన వీడియో పట్టుకుని సర్వీస్ సెంటరుకే వెళ్లండి. కప్లర్లు ఊడదీసి పెట్టడం వేరు, వైరు కోయడం వేరు.

బ్యాటరీ తీసేముందు ఇంకొకటి చూసుకోండి. కొన్ని సెట్లు పవర్ పోయి వస్తే కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ కారు కాగితాల్లో ఉందో లేదో తేల్చుకున్నాకే నెగెటివ్ టెర్మినల్ ఊడదీయండి. డ్యాష్‌బోర్డు కింద పసుపురంగు కప్లర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి, వాటిని కదపొద్దు, మీటరు అసలే పెట్టొద్దు.

## 3. పాట ఎక్కడి నుంచి వస్తోందో మార్చి చూడండి

దీనికి పైసా ఖర్చు లేదు, పావుగంట పని. పెన్‌డ్రైవులో ఆగేది ఎఫ్ఎమ్‌లో ఆగకపోతే సెట్టు పవరూ స్పీకర్లూ బాగున్నట్టే.

పెన్‌డ్రైవు: వేరేది పెట్టండి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన చిన్నది వాడండి, చాలా కంపెనీ సెట్లు మిగతా ఫార్మాట్లను సరిగా చదవవు. సాకెట్లో వదులుగా ఊగుతుంటే లోపం ఆ సాకెట్టుదే.

బ్లూటూత్: ఫోన్లోనూ సెట్టులోనూ రెండు చోట్లా జత తీసేసి మళ్లీ కలపండి. ఫోన్లో బ్యాటరీ సేవర్ ఆపి చూడండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ కూడా అదే కారుకి కలిసి ఉంటే, ఆ ఫోన్ వెనక సీట్లో ఉన్నప్పుడు మాత్రమే తెగుతోందేమో గమనించండి.

ఎఫ్ఎమ్ గురించి మనవైపు వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖ స్టేషన్లు విజయనగరం దాకా ఎంతోకొంత వినిపించినా, హైవే మీద శ్రీకాకుళం వైపు వెళ్తున్నకొద్దీ గరగరలాడి వస్తూపోతూ చివరికి ఆగిపోతాయి. ఎఫ్ఎమ్ సిగ్నల్ దాదాపు చూపు ఆనినంత దూరమే పనిచేస్తుంది, కొండలు అడ్డొస్తే ఇంకా తక్కువ. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ఎఫ్ఎమ్ పోయిందని సెట్టు విప్పించకండి.

ఊళ్లోనే ఎఫ్ఎమ్ గరగరలాడితే ముందు సిగరెట్ సాకెట్లో పెట్టిన మొబైల్ ఛార్జరు, డ్యాష్‌క్యామ్ పీకి చూడండి. చౌకరకం ఛార్జర్లు ఎఫ్ఎమ్‌ని బాగా పాడుచేస్తాయి. తర్వాత పైకప్పు మీద యాంటెనా కడ్డీ బిగించి ఉందా చూడండి, వాటర్ సర్వీసింగ్‌లో విప్పి సగమే బిగించి వదిలేయడం చాలా మామూలు.

## 4. బ్యాటరీ, టెర్మినళ్లు

రాత్రంతా నిలిపిన కారుకి ఉదయాన్నే, తాళం తిప్పకముందు, మీటరు పెట్టండి.

- 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉంది
- 12.2 అంటే సగం
- 12 కంటే తక్కువుంటే ముందు ఛార్జింగ్ సంగతి తేల్చండి, మిగతావి తర్వాత
- ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లు ఇంధనం ఆదాకోసం దీన్ని అటూఇటూ మారుస్తాయి
- స్టార్ట్ కొట్టే క్షణంలో 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ నీరసించింది, గడియారం చెరగడానికి అదే కారణం కావచ్చు

టెర్మినల్‌ని చేత్తో తిప్పి చూడండి. కొంచెం తిరిగినా వదులే. తెల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంటే ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో తోమి, బాగా ఆరనిచ్చి బిగించండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. పైన పల్చగా వాజలైన్ రాస్తే చాలు. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు పూసపాటిరేగ దగ్గర చింతపల్లి, ఇలా సముద్రం పక్కన కారు పెట్టుకునేవాళ్లు ఈ పని మూడు నెలలకోసారి చేసుకోవాలి. ఉప్పుగాలికి ఇక్కడ చిలుము పట్టినంత త్వరగా లోపలి ఊళ్లలో పట్టదు.

## 5. ఫ్యూజులు

ఫ్యూజు అంటే పోయిందా ఉందా అని మాత్రమే చూస్తారు. ఆగి ఆగి వచ్చే లోపానికి ఫ్యూజు కాళ్లు ముఖ్యం. మూత లోపలి పటంలో రేడియో, ఆడియో, ఏసీసీ, బ్యాకప్ లాంటి పేర్లున్నవన్నీ ఒక్కొక్కటిగా లాగండి. కాళ్లు నల్లబడ్డాయా, పచ్చబడ్డాయా, పెట్టేటప్పుడు బిగువుగా దిగుతోందా లేక జారుతోందా చూడండి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగైదుసార్లు తీసి పెడితే సగం మురికి పోతుంది.

- ఫ్యూజు స్థానంలో అదే ఆంపియరుది పెట్టండి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20
- పెద్ద ఫ్యూజు పెట్టడం, రాగితీగ చుట్టడం వద్దు; కాలేది అప్పుడు వైరింగు
- కొత్త ఫ్యూజు కూడా పోతే అది షార్టు, 8వ మెట్టుకి వెళ్లండి

## 6. ఎర్తూ, రెండు పవర్ లైన్లూ

ఇక్కడ ఓపిక పట్టండి, ఎక్కువ లోపాలు దొరికేది ఇక్కడా, 8వ మెట్టులోనూ.

సెట్టు ముందు ఫ్రేము ఊడదీసి, స్క్రూలు తీసి, సెట్టుని కొంచెం ముందుకి లాగండి. కప్లర్లు పెట్టే ఉంచాలి, పాట పాడుతూనే ఉండాలి. పాడకుండా కొలిస్తే పనికిరాదు, ఎందుకంటే ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా లోడు లేనప్పుడు 12 వోల్టులు చూపిస్తుంది, వాల్యూమ్ పెంచితేనే దాని గుట్టు బయటపడుతుంది.

ఏ వైరు ఏదో రంగు చూసి నిర్ణయించకండి. బయట సెట్లకి పసుపు పర్మనెంటు, ఎరుపు తాళం, నలుపు ఎర్తు అనే అలవాటు ఉంది కానీ కంపెనీ వైరింగులో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. కప్లరు వెనక నుంచి సన్నటి పిన్ను పెట్టి కొలవండి. తాళం తీసేసినా 12 చూపించేది పర్మనెంటు. తాళం తిప్పితేనే వచ్చేది రెండోది. వెనక లైట్లు వేస్తే వచ్చేది డిస్‌ప్లే వెలుతురుది, దాన్ని తాళం లైను అనుకోవద్దు.

ఎర్త్ కొలవడం ఇలా. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక లీడు సెట్టు ఎర్త్ వైరుకి, ఇంకో లీడు పొడుగు వైరుతో బ్యాటరీ నెగెటివ్‌కి. వాల్యూమ్ పెంచండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగుంది. 0.3, 0.5 అంటూ ఎగిరిపడుతుంటే దొంగ దొరికినట్టే. ఆ వైరు వెంట వెళ్లండి. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు కింద, కాళ్లు పెట్టే చోట పక్క ప్యానెల్ వెనక బాడీకి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. విప్పి, లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి. వరద నీళ్లు, వాననీళ్లు ఒకసారి కార్పెట్ కిందికి చేరిన కారైతే ముందు ఈ బోల్టునే చూడండి. కార్పెట్ పైకి ఆరినట్టే ఉంటుంది, కింద స్పాంజి నెలల తరబడి తడి పట్టుకుని ఉంటుంది.

పవర్ లైనుకీ ఇదే పద్ధతి. ఒక లీడు సెట్టు దగ్గర పర్మనెంటు వైరుకి, ఇంకోటి బ్యాటరీ పాజిటివ్‌కి. 0.3 దాటితే మధ్యలో ఎక్కడో ఫ్యూజు కాలో, కప్లరో బలహీనంగా ఉంది.

ఇప్పుడు మీరు ఎంత కదిపినా పాడుతూనే ఉంటే? దానికి రెండు బల్బుల పద్ధతి ఉంది, నాకు చాలాసార్లు ఉపయోగపడింది. రెండు చిన్న 12 వోల్టుల ఎల్ఈడీ ఇండికేటర్లు తీసుకుని, ఒక్కోదానికి 1 ఆంపియరు ఫ్యూజు పెట్టి, ఒకటి పర్మనెంటు లైనుకీ ఒకటి తాళం లైనుకీ తగిలించండి. రెండింటి ఎర్తూ సెట్టుది కాకుండా వేరే మంచి బోల్టుకి ఇవ్వండి. డ్యాష్‌బోర్డు మీద టేపు వేసి అంటించి మీ పనుల మీద తిరగండి.

- సెట్టు ఆగినప్పుడు మొదటి బల్బు ఆరితే పర్మనెంటు లైను
- రెండోది ఆరితే తాళం లైను
- రెండూ వెలుగుతూనే సెట్టు ఆగితే సెట్టు ఎర్తో, లేదా సెట్టో
- అప్పుడు బల్బుల ఎర్త్ మార్చి సెట్టు ఎర్త్ వైరుకే ఇవ్వండి. ఈసారి సెట్టుతో పాటు రెండూ ఆరితే ఎర్తే

బల్బు చూసేది పక్కన కూర్చున్నవాళ్లు, నడిపేవాళ్లు కాదు.

తాళం లైను అని తేలితే ముందు తాళంచెవిని స్విచ్చులో మెల్లగా అటూఇటూ కదపండి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, షాపు తాళాలు అన్నీ ఒకే గుత్తికి వేలాడదీసిన కార్లలో ఆ బరువుకి స్విచ్చు అరిగి, గుంటల్లో లైను తెగుతుంది. గుత్తి తీసేసి ఒక్క చెవితో రెండు రోజులు నడిపితే తేలిపోతుంది.

## 7. సెట్టు వెనక కప్లర్లు

బ్యాటరీ నెగెటివ్ తీసి, ఒక్కో కప్లరు లాకు నొక్కి ఊడదీయండి, వైరు పట్టుకుని లాగొద్దు. పిన్నుల్లో ఏదైనా వెనక్కి జరిగిపోయిందా చూడండి. మిగతావాటికంటే లోతుగా కనబడేదే అనుమానితురాలు. నల్లబడిన ప్లాస్టిక్ అంటే అక్కడ వేడి పుట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, నొక్కితే టిక్‌మనేదాకా పెట్టండి.

ఎలుకల సంగతి కూడా ఇక్కడే. వరి కోతలయ్యాక పొలాల పక్క ఊళ్లలో కార్లలోకి దూరతాయి. వైరు మీద పళ్ల గాట్లు, రెట్టలు, గడ్డి పోగులు కనబడితే కనబడిన ఒక్క వైరుతో ఆగకండి, ఆ కట్ట మొత్తం వేళ్లతో తడుముతూ వెళ్లండి.

## 8. తలుపు దగ్గర రబ్బరు బూటు

తలుపుకీ బాడీకీ మధ్య వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం ఉంటుంది కదా, తలుపు తీసినప్పుడల్లా అందులో వైర్లు వంగుతాయి. ఏళ్లు గడిచేసరికి పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి పోగులు తెగుతాయి. కంటికి కనబడదు. తలుపు వేసినప్పుడు కలుస్తుంది, గుంటలో విడిపోతుంది. డ్రైవరు తలుపే ఎక్కువ తెరుస్తాం కాబట్టి ముందు అక్కడే వస్తుంది. పవర్ విండో, సెంటర్ లాక్ కూడా అప్పుడప్పుడు మొరాయిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

బూటు విప్పకుండానే తేల్చొచ్చు. సెట్టు కప్లరు ఊడదీసి, ఆ స్పీకరు రెండు వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి.

- 4 ఓమ్‌ల స్పీకరుకి 3.2 నుంచి 3.8 దాకా చూపించాలి
- ఒకరిని తలుపు మెల్లగా తెరిచి మూయమనండి, మధ్యలో ఎక్కడైనా అంకె ఎగిరితే లేదా మీటరు ఓపెన్ చూపితే వైరు తెగింది
- ఇప్పుడు ఒక్కో వైరుకీ కారు బాడీకీ మధ్య కొలవండి. ఏ రీడింగూ రాకూడదు. వస్తే షార్టు
- బూటుని చేత్తో పిసుకుతూ రెండు కొలతలూ మళ్లీ తీసుకోండి

స్పీకరు నెగెటివ్ వైరుని ఎర్త్ అనుకుని బాడీకి కలిపేవాళ్లున్నారు. ఇది పెద్ద తప్పు. ఇప్పటి సెట్లలో స్పీకరు రెండు వైర్లూ యాంప్లిఫయరు నుంచే వస్తాయి, ఏదీ బాడీకి తగలకూడదు. తగిలితే శబ్దం మొత్తం ఆగిపోతుంది, పదేపదే తగిలితే యాంప్లిఫయరే కాలిపోవచ్చు.

బాగుచేయడం: బూటు రెండు చివరలూ ఊడదీసి వెనక్కి జరపండి. తెగిన చోటికి అటూ ఇటూ మంచి రాగి కనబడేదాకా కోసి, మధ్యలో ఎక్కువ పోగులున్న మెత్తటి వైరు ముక్క వేయండి. అతుకులు బూటు వంగే చోట పడకూడదు, తలుపు లోపలో బాడీ లోపలో పడాలి. రెండు వైర్లకి రెండు అతుకులూ ఒకే చోట కాకుండా కొంచెం ఎడంగా, మీద వేడికి ముడుచుకునే స్లీవు వేయండి. మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే మన వేసవికి ఆ జిగురు కరిగి ఊడిపోతుంది.

## 9. స్పీకరు

సెట్టులోని ఫేడర్ (ముందు-వెనక), బ్యాలెన్స్ (ఎడమ-కుడి) వాడి అనుమానం ఉన్న స్పీకరుకే శబ్దం పంపండి. పాడుతుండగా కోన్‌ని రెండు వేళ్లతో అన్నివైపులా సమంగా, మెల్లగా నొక్కండి. నొక్కితే వచ్చి వదిలితే పోతుంటే స్పీకరు లోపలి తీగ తెగింది, స్పీకరు మార్చాల్సిందే. ఇంకో పరీక్ష: కప్లరు తీసేసి గోడ గడియారంలో వాడే 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి, టక్‌మనాలి.

అన్ని స్పీకర్లూ ఒకేసారి ఆగే కారులో, ఒక్కో స్పీకరు కప్లరు తీసి రెండు రోజులు నడపండి. దేన్ని తీస్తే ఆగడం మానేసిందో లోపం ఆ స్పీకరులోనే ఉంది. అన్నీ తీసి చూసినా ఆగుతుంటే వైరింగు మిగిలినట్టు, 8వ మెట్టులో చెప్పిన బాడీ కొలత ఒక్కో వైరుకీ తీసుకోండి.

డోర్ ప్యాడ్ తీసినప్పుడు లోపల పల్చటి ప్లాస్టిక్ షీటు కనబడుతుంది. దాన్ని చింపి పారేయొద్దు. అద్దం సందుల్లోంచి దిగే వాననీళ్లు స్పీకరు మీదికి, డోర్ ప్యాడ్ మీదికి రాకుండా ఆపేది అదే. జిగురు పాడైతే కొత్త బ్యూటైల్ టేపుతో అంటించండి.

## 10. స్టీరింగ్ బటన్లు

స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్లు మాత్రమే, అదీ స్టీరింగ్ తిప్పినప్పుడు ఆగుతుంటే, లోపలి చుట్టకేబులు పోయి ఉంటుంది. హారన్ మోగకపోవడం, ఎయిర్‌బ్యాగు లైటు వెలగడం కూడా తోడైతే దాదాపు అదే. ఇది మీరు విప్పొద్దు. ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటుంది, తెలిసినవాళ్ల చేతే చేయించండి.

## 11. సెట్టే పోయిందని ఎప్పుడు అనుకోవాలి

ఆగిన క్షణంలో రెండు పవర్లూ, ఎర్తూ బాగున్నాయని బల్బులు చూపించి, స్పీకరు వైర్లన్నీ కొలతకి నిలబడి, అయినా ఆగుతుంటే అప్పుడు సెట్టు. ఎండలో నిలిపి తీసిన అరగంటలో ఆగి, ఏసీ వేశాక చల్లబడి పాడే సెట్టులో లోపల టంకం అతుకులు చిట్లి ఉండవచ్చు. అలాంటివి ఎలక్ట్రానిక్స్ పనివాళ్లు మళ్లీ టంకం వేసి బాగుచేయగలరు. సాఫ్ట్‌వేర్ ఉన్న టచ్ స్క్రీన్ సెట్టయితే ముందు ఫ్యాక్టరీ రీసెట్, సర్వీస్ సెంటరులో అప్‌డేట్ ఉందేమో అడగడం చేయండి.

మార్చక తప్పకపోతే మీ కారు మోడలుకి సరిపోయే కప్లరు అడాప్టరు కొనుక్కుని బిగించమనండి. కంపెనీ వైరింగు కోసి మెలిపెట్టడానికి ఒప్పుకోవద్దు, కొత్త సెట్టుకి కొత్త లూజ్ కాంటాక్టులు పుట్టేది అక్కడే.

## 12. షాపుకి తీసుకెళ్తే

అందరికీ మీటరు పట్టే తీరిక ఉండదు. శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా స్టీరియోలు అమ్మే షాపుకి కాకుండా ముందు మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. "అన్నయ్యా, సెట్టు ఆగిపోతోంది" అనకుండా, "గుంటలో పడితే డ్రైవరు వైపు ముందు స్పీకరు పోతోంది, గడియారం చెరగట్లేదు, స్క్రీన్ ఆరట్లేదు, తలుపు గట్టిగా వేస్తే వస్తోంది" అని చెప్పండి.

వెంట తీసుకెళ్లండి:

- వారం రోజుల నోట్సు, ఆగినప్పటి వీడియో
- ఆగేటప్పుడు వాడిన అదే పెన్‌డ్రైవు, అదే ఫోను
- రేడియో కోడ్, కారు మాన్యువల్
- ఇంతకుముందు ఎవరైనా వైరింగు కోసి ఉంటే, అలారం, రివర్స్ కెమెరా లాంటివి బయట బిగించి ఉంటే ఆ వివరం

పని అయ్యాక కారుని వెంటనే తీసుకుని వచ్చేయకండి. వాల్యూమ్ పెంచి, తలుపులు నాలుగూ పదేసి సార్లు వేసి, దగ్గర్లో ఉన్న అధ్వాన్నమైన రోడ్డు మీద పనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు కిలోమీటర్లు తిప్పి, మార్చిన పాత ముక్క ఏదైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.